మనిషి మంచాన పడి జీతం ఆగితే: ఏ కాగితం ముందు, ఏది తర్వాత

ఇంట్లో సంపాదించే మనిషికి పక్షవాతం వచ్చి ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయి. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారు. జీతం ఆగింది, ఖర్చు మొదలైంది. ఇలాంటి ఇళ్లలో డబ్బు ఎక్కువగా పోయేది మందులకే అనుకుంటాం. పనులు తలకిందుల వరుసలో చేయడం వల్ల పోయేదీ తక్కువేమీ కాదు. ముందు రాజీనామా రాసిచ్చి తర్వాత ఈఎస్ఐ (జీతంలోంచి చందా కట్ అయ్యే ఉద్యోగుల ప్రభుత్వ బీమా) అడుగుతారు. పీఎఫ్ మొత్తం ఊడ్చేశాక పింఛను గురించి తెలుస్తుంది. నగలు తెగనమ్మాక, వాటి మీద లోను తీసుకుంటే సరిపోయేదే అనిపిస్తుంది. అందుకే ఇక్కడ వరుస చెబుతున్నాం. భర్త మంచాన పడ్డ ఇల్లాలిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం. భార్యను చూసుకునే మగవాళ్లకూ ఇవే మెట్లు.

మొదటి వారం: ఫైలు, సిమ్, సంతకం

డిశ్చార్జి రోజున బిల్లు కంగారులో ఫైలు సంగతి ఎవరికీ పట్టదు. తర్వాత ఏడాదిపాటు ప్రతి ఆఫీసులోనూ అడిగేది ఆ ఫైలే. డిశ్చార్జి సమ్మరీలో జబ్బు పేరు, ఏ పక్క పడిపోయింది, మాట ఎలా ఉంది, చేరిన తేదీ, వెళ్లిన తేదీ ఉన్నాయో లేదో అక్కడే చదవండి. ఇంటి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ రోజే దిద్దించండి, తర్వాత నెలలు పడుతుంది. సీటీ, ఎమ్మారై రిపోర్టులు, ప్రతి బిల్లు ఒరిజినల్, కట్టిన రసీదులు తీసుకోండి. అన్నీ రెండేసి జిరాక్సులు తీయించి, ఫోన్లో ఫొటోలు కూడా పెట్టుకోండి. ఒరిజినల్ బిల్లులు బీమా కంపెనీకో, ముఖ్యమంత్రి సహాయనిధి దరఖాస్తుకో వెళ్తే తిరిగి రావు. ఏది ఎక్కడికి పంపాలో ముందే తేల్చుకోండి.

ఆయన ఫోను నంబరును బతికించండి. పీఎఫ్, బ్యాంకు, ఆధార్, పాన్ ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి. "ఇప్పుడాయన మాట్లాడలేరు కదా, రీఛార్జి ఎందుకు" అని వదిలేస్తే కొన్నాళ్లకు సిమ్ పోతుంది. అప్పుడు ఆధార్‌లో నంబరు మార్చడానికి మంచంలో ఉన్న మనిషిని కేంద్రానికి మోసుకెళ్లాల్సి రావచ్చు. ఇంటికొచ్చి ఆధార్ నమోదు చేసే సౌకర్యం ఉన్నా దానికి తిరుగుడు తప్పదు. నెలకో కనీస రీఛార్జి ఇంతకన్నా చవక.

ఇక సంతకం. కుడి చెయ్యి పడిపోతే పాత సంతకం రాదు, చెక్కు వెనక్కొస్తుంది. బ్రాంచి మేనేజరును ఇంటికి మనిషిని పంపమని రాతపూర్వకంగా అడగండి. ఇలాంటి ఖాతాదారుల గురించి రిజర్వు బ్యాంకు నియమం స్పష్టంగా ఉంది. బొటనవేలి ముద్ర గానీ, అదీ కుదరకపోతే కాలి బొటనవేలి ముద్ర గానీ తీసుకోవచ్చు. ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్లలో ఒకరు బాధ్యతగల బ్యాంకు ఉద్యోగి అయి ఉండాలి. ముద్ర కూడా వేయలేని మనిషైతే ఏదో ఒక గుర్తు పెట్టించినా చాలు, సాక్ష్యం అలాగే. డబ్బు ఎవరు తీసుకుంటారో కూడా ఆయన ఆ సాక్షుల ముందే సూచించాలి. ముద్ర తీసేటప్పుడు వేలిని గోరువెచ్చని నీళ్లతో తుడిచి బాగా ఆరనివ్వండి. పడిపోయిన చేతి వేళ్లు తరచూ బిగుసుకుని ఉంటాయి. లాగకుండా మణికట్టును లోపలికి వంచితే వేళ్లు వదులవుతాయి, అప్పుడు ముద్ర చెదరదు.

మనిషికి తెలివి ఉండి మాట అర్థమవుతుంటే, అదే రోజు ఖాతాను జాయింటుగా, ఇద్దరిలో ఎవరైనా నడపగలిగే "ఐదర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలో మార్పించండి. నామినీ పేర్లు సరిచూడండి. జీపీఏ (ఆయన తరఫున పనులు చక్కబెట్టే అధికార పత్రం) రాయించాలన్నా ఇదే సమయం. ఆయనకు విషయం అర్థమయ్యే స్థితి లేనప్పుడు రాయించిన జీపీఏ చెల్లదు. ముందే రాసినదైనా, మతి స్థిమితం పోయాక దానికి బలం ఉండదు. పూర్తిగా కోమాలో ఉన్నవారి విషయంలో భార్యను సంరక్షకురాలిగా నియమించమని హైకోర్టులో రిట్ వేయడమే దారి. దానికి లాయరు ఖర్చు, నెలల సమయం పడతాయి. అందుకే సంతకం పనిని వాయిదా వేయొద్దంటున్నాం.

ఉద్యోగం: రాజీనామా రాయొద్దు

కంపెనీ హెచ్ఆర్ నుంచి మర్యాదగానే ఫోను వస్తుంది: "అమ్మా, ఒక లెటర్ ఇస్తే సెటిల్‌మెంట్ త్వరగా చేసేస్తాం." ఇవ్వకండి. ఈఎస్ఐ, పీఎఫ్, గ్రాట్యుటీ మూడూ తేలేదాకా సెలవు దరఖాస్తులే పంపుతూ ఉండండి, ప్రతిదానికీ డాక్టరు సర్టిఫికెట్ జతచేసి, ఈమెయిల్‌లో గానీ రిజిస్టర్డ్ పోస్టులో గానీ.

జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కట్ అవుతుంటే మొదట అక్కడికే వెళ్లండి. జబ్బు సెలవుకు రోజు వేతనంలో 70 శాతం చొప్పున 91 రోజుల వరకు ఇస్తారు. దీనికి సంబంధిత ఆర్నెల్ల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా కట్టి ఉండాలి. చాలామందికి తెలియనిది దీని తర్వాతి మెట్టు. పక్షవాతం, క్యాన్సర్, కిడ్నీ వైఫల్యం వంటి 34 దీర్ఘకాల జబ్బులకు పొడిగించిన సిక్‌నెస్ బెనిఫిట్ ఉంది. అది 80 శాతం, గరిష్ఠంగా రెండేళ్లు. దానికి రెండేళ్లు వరుసగా ఉద్యోగంలో ఉండాలి, అంతకుముందు నాలుగు చందా కాలాల్లో 156 రోజుల చందా ఉండాలి. 20,000 జీతం ఉన్న మనిషికి మొదటి మూడు నెలలు నెలకు దాదాపు 14,000, తర్వాత 16,000 వస్తాయన్నమాట. ఇంతటి ఆసరా ఇంకే పథకంలోనూ లేదు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. ప్రైవేటు ఆస్పత్రిలో చూపించుకుని ఈఎస్ఐ డిస్పెన్సరీ ముఖం చూడరు. అక్కడి డాక్టరు సర్టిఫికెట్ వరుస తప్పకుండా ఉండాలి. బయటి ఆస్పత్రి డిశ్చార్జి సమ్మరీ పట్టుకెళ్లి ఆ రోజులను కూడా నమోదు చేయించండి. తర్వాత ఏ సర్టిఫికెట్ ఏ తేదీతో ముగుస్తుందో క్యాలెండర్ మీద గుండ్రం చుట్టి, ఆ తేదీకి ముందే కొత్తది తెచ్చుకోండి.

పీఎఫ్ దగ్గర రెండు వేర్వేరు డబ్బులున్నాయి, కలపొద్దు. ఒకటి పీఎఫ్ నిల్వ. జబ్బు కారణంగా ఫారం 31 మీద అడ్వాన్సు తీయొచ్చు, ఉద్యోగం వదలనక్కర్లేదు. రెండోది పింఛను పథకం. "పీఎఫ్ అంతా తీసేద్దాం" అని బయటి ఏజెంటును పట్టుకుంటే అతను పీఎఫ్ మొత్తం తీసే ఫారం 19తోపాటు 10సీ కూడా నింపేస్తాడు. 10సీ అంటే పింఛను డబ్బు ఒకేసారి తీసేసుకుని హక్కు వదులుకోవడం. శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేని స్థితి వచ్చి ఉద్యోగం మానాల్సి వస్తే, పదేళ్ల సర్వీసు లేకపోయినా పింఛను వస్తుంది, ఒక్క నెల చందా కట్టి ఉంటే చాలు. దానికి ఫారం 10డీ ఇవ్వాలి, మెడికల్ బోర్డు పరీక్ష ఉంటుంది. మొత్తం చిన్నదే, కనీసం నెలకు 1,000. కానీ అది జీవితాంతం వస్తుంది, ఆయన తర్వాత భార్యకు కుటుంబ పింఛనుగా కొనసాగుతుంది.

గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండాలంటారు. వైకల్యం వల్ల ఉద్యోగం పోతే ఆ షరతు వర్తించదు. లెక్క మామూలే: చివరి బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 18,000 మీద నాలుగేళ్లకు 41,538 రూపాయలు. "ఐదేళ్లు కాలేదు కదమ్మా" అంటే ఊరుకోకండి. సెలవులన్నీ అయిపోయి నిజంగా ఉద్యోగం వదలాల్సి వచ్చినప్పుడు, కాగితంలో "వ్యక్తిగత కారణాల వల్ల" అని రాయకండి. "శాశ్వత వైకల్యం వల్ల పని చేయలేక" అని రాయండి. గ్రాట్యుటీ, పింఛను రెండూ ఆ ఒక్క వాక్యం మీదే నిలబడతాయి.

ప్రభుత్వ ఉద్యోగి, ఆర్టీసీ, విద్యుత్ సంస్థల ఉద్యోగి అయితే సంగతి వేరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20 ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాళ్లను తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. చేయగలిగిన మరో పోస్టులోకి అదే జీతంతో మార్చాలి. పోస్టు లేకపోతే రిటైరయ్యేదాకా అదనపు పోస్టు మీద ఉంచాలి. స్వచ్ఛంద విరమణ కాగితాల మీద ముద్ర వేయించే ముందు ఈ సెక్షన్ పేరుతో ఒక అర్జీ పెట్టండి.

బీమా పాలసీలు తిరగేయడం

ఆరోగ్య బీమా ఉంటే, క్లెయిము ఆస్పత్రి బిల్లుతో అయిపోయిందనుకోవద్దు. చాలా పాలసీల్లో చేరడానికి ముందు 30 రోజులు, డిశ్చార్జి తర్వాత 60 రోజుల ఖర్చులు కూడా ఇస్తారు. డాక్టరు రాసిన ఫిజియోథెరపీ, మందులు, పరీక్షలు అందులోకి వస్తాయి. బిల్లుతోపాటు ప్రిస్క్రిప్షన్ లేకపోతే కొట్టేస్తారు, కాబట్టి మెడికల్ షాపులో ప్రతిసారీ పేషెంటు పేరుతో పక్కా బిల్లు అడగండి.

జీవిత బీమా పాలసీలో క్రిటికల్ ఇల్‌నెస్ (తీవ్ర జబ్బు) రైడర్, ప్రీమియం మాఫీ రైడర్ ఉన్నాయేమో చూడండి. రైడర్ అంటే పాలసీకి అదనంగా జోడించిన రక్షణ. పక్షవాతానికి ఈ రైడర్ల ప్రామాణిక నిర్వచనంలో ఒక మెలిక ఉంది. లోపం కనీసం మూడు నెలలు నిలిచిందని రుజువు చూపాలి. కాబట్టి మూడు నెలలు దాటిన వారంలో న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లి, ఇంకా ఏ లోపాలు మిగిలాయో రాయించుకోండి. ఆ ఓపీ చీటీ లక్షల విలువ చేస్తుంది. ఇంటి లోనుకు బ్యాంకు బలవంతంగా అంటగట్టిన బీమా ఉంటుంది చూడండి, దాని బాండు కూడా బయటికి తీయండి. చాలావాటిలో మరణానికే రక్షణ, కొన్నింటిలో మాత్రం తీవ్ర జబ్బుకూ ఉంటుంది. ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్ష బీమా ప్రమాదాలకే, పక్షవాతానికి రాదు. దాని కోసం తిరగకండి. పాలసీని సరెండర్ చేయడం ఆఖరి మాట. అంతకన్నా దాని మీద లోను తీసుకోవడం మేలు.

సదరం, పింఛను

వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు తేల్చి ఇచ్చే పత్రం ఇది. పేరు యూడీఐడీ కార్డుగా మారినా ఊళ్లో అందరూ సదరం సర్టిఫికెట్ అనే అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో స్లాటు బుక్ చేసుకుంటే చెప్పిన తేదీకి ప్రభుత్వాస్పత్రిలో పరీక్ష. నరాల సంబంధమైన జబ్బులకు మామూలుగా జబ్బు వచ్చిన ఆర్నెల్లకు మదింపు చేస్తారు, అప్పటికి ఎంత కోలుకోవాలో అంత తేలుతుంది కాబట్టి. రెండో నెలలోనే పరుగెత్తితే తిప్పి పంపవచ్చు, లేదా తాత్కాలిక సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. అయిదో నెలలో స్లాటు కోసం చూడటం మొదలుపెట్టండి.

పరీక్ష రోజున పొద్దున్నే మనిషికి అన్నంపెట్టి, డైపరు మార్చి, రెండోది సంచిలో పెట్టుకుని బయల్దేరండి. వరుస పొడుగ్గా ఉంటుంది. డాక్టరు చెయ్యి, కాలు ఎత్తమంటారు, మాట చూస్తారు. ఇద్దరు పట్టుకుని బలవంతంగా నడిపించి చూపించకండి, శాతం తగ్గడానికి అదే చాలు. లేని లోపం చూపించడమూ పొరపాటే, తనిఖీలో తేలిపోతుంది. న్యూరాలజిస్టు చీటీలో కండరాల బలం గ్రేడు రాసి ఉంటే అది ముందు పెట్టండి. ఇచ్చిన శాతం తప్పనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు చట్టంలోనే ఉంది.

40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకు అర్హత. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు 6,000, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000, డయాలసిస్ రోగులకు 10,000. తెలంగాణలో చేయూత కింద దివ్యాంగులకు 4,016. దరఖాస్తుకూ మంజూరుకూ మధ్య ఎంత కాలం పడుతుందో చెప్పలేం, అందుకని చేతికి వచ్చేదాకా ఆ డబ్బును ఇంటి లెక్కలో వేసుకోకండి. ఆంధ్రలో నెలకు 15,000 రూపాయల పింఛన్లను 2025లో డాక్టర్ల బృందాలు ఇళ్లకు వచ్చి మళ్లీ పరిశీలించాయి. ఫైలు ఎప్పుడూ మంచం పక్కనే ఉంచండి.

ఒక చిన్న చిక్కు. ఆంధ్రలో అర్హత వడపోతలో సొంత కారు, నెలకు సగటున 300 యూనిట్లు దాటిన కరెంటు అడ్డం పడతాయి. వాకిట్లో దుమ్ము పట్టిన ఆయన కారు ఇప్పుడు ఎవరికీ ఉపయోగపడదు, కానీ కాగితం మీద మిమ్మల్ని ధనవంతుల్ని చేస్తుంది. అమ్మేయండి, ఆర్సీ కూడా కొన్నవాళ్ల పేరు మీదికి మారిందో లేదో చూసుకోండి.

అదే సర్టిఫికెట్‌తో ఇంకా కొన్ని వస్తాయి. సాయం లేకుండా ప్రయాణించలేని వికలాంగులకు రైల్లో స్లీపర్, త్రీ ఏసీలో 75 శాతం రాయితీ, తోడు వెళ్లేవాళ్లకూ అంతే. మీరు పన్ను కట్టే ఉద్యోగి అయితే సెక్షన్ 80డీడీ కింద 75,000, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 తగ్గింపు. ఇది పాత పన్ను విధానంలోనే.

అప్పులు

ఈఎంఐ ఒక్కటి తప్పకముందే బ్యాంకుకు వెళ్లండి. 90 రోజులు దాటితే ఖాతా మొండి బకాయి కింద పడుతుంది, అప్పుడు మేనేజరు చేయగలిగింది తగ్గిపోతుంది. డిశ్చార్జి సమ్మరీ, జీతం ఆగిన రుజువు పెట్టి, గడువు పెంచి వాయిదా తగ్గించమని అడగండి. "ఎంత కట్టగలరు" అని అడిగితే ఖచ్చితమైన అంకె చెప్పండి, "చూస్తాం సార్" అనొద్దు. అర్జీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. వసూలు ఏజెంట్లు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చేస్తే బ్యాంకుకు రాతపూర్వక ఫిర్యాదు, 30 రోజుల్లో తేలకపోతే ఖాతాదారుల ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు. దానికి ఫీజు లేదు.

చేబదులు కన్నా బంగారం లోను నయం. నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెస్తే నెలకు 6,000 వడ్డీకే. అదే బంగారం మీద బ్యాంకులో ఏడాదికి 10 శాతం అనుకుంటే నెలకు 1,700 కూడా కాదు. ఇప్పటికే మూడు రూపాయల అప్పు ఉంటే, బంగారం పెట్టి ముందు దాన్ని తీర్చేసి, నోటు వెనక్కి తీసుకోండి. తీరిన నోటు చింపకుండా వదిలేస్తే మళ్లీ బతుకుతుంది. ఫోన్లో వచ్చే లోన్ యాప్‌ల వైపు చూడనే వద్దు.

ఇంట్లో నెల ఖర్చు ఎక్కడ తగ్గుతుంది

తగ్గించకూడనివి మొదట: బీపీ, షుగర్, రక్తం పలచబరిచే మాత్రలు. ఇవి మానేస్తే రెండోసారి స్ట్రోకు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. డాక్టరును మందుల జనరిక్ పేర్లు (కంపెనీ పేరు కాకుండా అసలు మందు పేరు) రాయమని అడిగి జన ఔషధి దుకాణంలో కొనండి. బీపీ, షుగర్ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం.

డైపరు ఒకటి 40 రూపాయలు అనుకుంటే రోజుకు నాలుగంటే నెలకు 4,800. పగలు వాడటం మానండి. మగవాళ్లకు యూరిన్ క్యాన్, గంటల వేళకు అలవాటు చేయడం చాలామందిలో పనిచేస్తుంది. పిరుదుల కింద ప్లాస్టిక్ షీటు, దాని మీద పాత నూలు చీర నాలుగు మడతలు. రాత్రికి మాత్రం డైపరు. అలా చేస్తే నెలకు 1,200తో గడుస్తుంది. తడి మీద గంటలకొద్దీ ఉంచితే మాత్రం మిగిలిందంతా పుండుకు పోతుంది.

పుండు పడటమే అన్నిటికన్నా పెద్ద ఖర్చు. రెండు గంటలకోసారి పక్క మార్చండి: ఎడమ, వెల్లకిల, కుడి. గోడకు కాగితం అంటించి ఏ గంటకు ఏ పక్కో రాసి పెడితే ఇంట్లో ఎవరైనా చేయగలరు. మడమల కింద కాకుండా పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడండి. ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని తిప్పడం మానొద్దు. రింగు ఆకారపు రబ్బరు ట్యూబు పెట్టొద్దు, అది చుట్టూ ఉన్న చర్మానికి రక్తం అందనివ్వదు.

ముక్కు గొట్టంతో ఆహారం పోస్తుంటే, డబ్బా పొడి బదులు ఇంట్లో చేసిన జావ సరిపోతుందేమో డైటీషియన్‌ను అడగండి. షుగరు, కిడ్నీ జబ్బు ఉంటే సొంతంగా నిర్ణయించొద్దు. రాగిజావ, పెసరకట్టు బాగా పలచగా చేసి, టీ వడపోసే జల్లెడ కాదు, పలచటి నూలు గుడ్డలో వడపోయాలి. జల్లెడలోంచి దిగే చిన్న పొట్టే గొట్టానికి అడ్డం పడుతుంది, అప్పుడు ఆటో, నర్సు, కొత్త గొట్టం. పోసే ముందూ తర్వాతా 30 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి. తల వైపు ఎత్తి కూర్చోబెట్టినట్టు ఉంచి పోయాలి, తర్వాత అరగంట పడుకోబెట్టొద్దు. మాత్రలు నూరి విడిగా నీళ్లలో కలపండి. నెమ్మదిగా పనిచేసే రకం మాత్రలు నూరకూడదు, ఏవో ఫార్మసిస్టును అడగండి.

ఫిజియోథెరపిస్టును రోజూ పిలిపించే స్తోమత లేకపోతే, వారానికోసారి పిలిచి, ఆయన చేసేది ఫోన్లో వీడియో తీసి, మిగతా ఆరు రోజులు మీరు చేయండి. మొదటి మూడు, నాలుగు నెలల్లో మాత్రం దీనికి వెనకాడకండి. కోలుకోవడం ఎక్కువగా ఆ నెలల్లోనే. తెలంగాణలో జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) కేంద్రాలున్నాయి. మంచాన ఉన్నవాళ్ల ఇంటికి బృందం వచ్చి పుండ్లకు కట్టు కట్టడం, గొట్టాలు మార్చడం చేస్తుంది. జిల్లా ఆస్పత్రిలో ఆ వార్డు పేరు చెప్పి పేరు రాయించండి.

మీ సంపాదన మాట. మొదటి ఆర్నెల్లు ఇంట్లో కొత్త వ్యాపారం పెట్టమని చెప్పేవాళ్ల మాట వినొద్దు. నెయ్యి అమ్మకం, చీరల అమ్మకం అంటూ అప్పు తెచ్చి సరుకు దింపుకుంటే, పక్క మార్చే వేళకు గిరాకీ వస్తుంది. అంతకుముందు చేస్తున్న ఉద్యోగం ఉంటే అది వదలకండి. మీ జీతం, మనిషిని చూసుకోవడానికి పెట్టే ఆయా జీతం కన్నా రెండు వేలు ఎక్కువైనా సరే ఉద్యోగమే నిలుపుకోండి, పీఎఫ్, ఈఎస్ఐ మీ పేరు మీద నడుస్తాయి. మీ ఈఎస్ఐలో ఆయన ఆధారపడిన భర్తగా నమోదైతే వైద్యం కూడా అక్కడే. ఆ పేరు చేర్పించడానికి జాయింటు ఫొటో, ఆయన ఆధార్ హెచ్ఆర్‌కు ఇస్తే ఆన్‌లైన్‌లోనే అవుతుంది.